జియెమ్ ఊరి న్గోక్ బావి, కుంగ్ గుడి: నీళ్లు తాగే పవిత్ర బావికి వెళ్లేవాళ్ల కోసం

ఉత్తర వియత్నాంలో పవిత్రమైన బావులు చాలా ఊళ్లలో ఉన్నాయి. వాటిలో ఎక్కువ ఇప్పుడు చూసి దణ్ణం పెట్టుకోవడానికే మిగిలాయి. బాక్ నిన్ పట్టణం పక్కన జియెమ్ ఊళ్లో, కుంగ్ గుడి ముందున్న న్గోక్ బావి మాత్రం ఇంకా పనిచేస్తోంది. ఊరివాళ్లు ఈ నీళ్లు తాగుతారు, టీ కాచుకుంటారు, ప్లాస్టిక్ డబ్బాల్లో ఇళ్లకు పట్టుకెళ్తారు. హనోయి చుట్టుపక్కల ఒకే ఒక్క బావికి వెళ్లే తీరిక ఉంటే ఇక్కడికే వెళ్లండి. మా లెక్కలో దీనికి 5కి 4.5. ఆ తగ్గిన అర మార్కు చేరుకోవడంలో ఉన్న ఇబ్బందికి, వియత్నామీస్ రాని వాళ్లకు అక్కడ విషయం చెప్పే ఏర్పాటు తక్కువగా ఉన్నందుకు.

ముందు ఊరి సంగతి. జియెమ్‌కు కాగితాల్లో పేరు వియెమ్ సా. కౌ నది దక్షిణపు ఒడ్డున ఉంటుంది. 1077లో వియత్నాం సేనాని లీ థువోంగ్ కియెట్ చైనా సోంగ్ వంశపు సైన్యాన్ని నిలువరించింది ఈ నది మీదే. ఈ ఊరికి అసలు పేరు తెచ్చింది క్వాన్ హో పాట. ఆడవాళ్ల జట్టు, మగవాళ్ల జట్టు ఎదురెదురుగా నిలబడి పాటకు పాటతో జవాబిచ్చే ఈ సంప్రదాయాన్ని 2009లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. తొలి నుంచీ క్వాన్ హో ఊళ్లని చెప్పే 49 ఊళ్లలో జియెమ్ ఒకటి. ఆ పాటలకు మూలమాతగా కొలిచే వువా బా అమ్మవారి గుడి కూడా ఈ ఊళ్లోనే ఉంది. అంటే ఒక్క పూటలో బావి, కుంగ్ గుడి, వువా బా గుడి, 1692లో కట్టిన ఊరి దిన్, నాలుగూ నడిచి చూడొచ్చు. దిన్ అంటే గ్రామదేవుడి పూజ, ఊరి పంచాయితీ రెండూ జరిగే మండపం. లోపల దేవుడి పీఠం ముందు బంగారు పూతతో చెక్కిన తోరణాన్ని తీరిగ్గా చూడండి. అంత సన్నటి చెక్కపని ఈ ప్రాంతంలోనే అరుదు.

కుంగ్ గుడిలో కొలిచేది న్గోక్ జుంగ్, థుయ్ తియెన్ అనే ఇద్దరు రాజకుమార్తెలను. వాళ్లు లీ వంశపు రాజు లీ థాన్ తోంగ్ బిడ్డలని స్థానిక గాథ. బావి గుడి గుమ్మానికి ఎదురుగానే ఉంటుంది. మెట్లు దిగితే నీళ్లు. నీటిలో కార్ప్ చేపలు తిరుగుతుంటాయి. వాటిని ఊరివాళ్లు దేవుడి చేపలుగా చూస్తారు, ఇంటి పెద్దల గురించి మాట్లాడినంత గౌరవంగా మాట్లాడతారు. వాటిని పట్టడం, ముట్టుకోవడం ఎవరూ చేయరు. చేపలున్న నీళ్లు తాగడమేమిటని కొందరు వెనకాడతారు. ఊరివాళ్ల దృష్టిలో ఆ చేపలే నీటికి కాపలా. ఆ నమ్మకం వల్లే బావిలో ఎవరూ చెత్త వేయరు, సబ్బు వాడరు, బట్టలు ఉతకరు. ఒక బావి వందల ఏళ్లు తాగేలా నిలవాలంటే ఇలాంటి కట్టుబాటే కావాలి. ఈ ఊరు ఆ కట్టుబాటును వదల్లేదు. మాకు అన్నిటికంటే నచ్చింది అదే.

బావి దగ్గర పద్ధతి చిన్నదే, కానీ ఒక్కొక్క అంశానికీ కారణం ఉంది. మెట్లు దిగే ముందు చెప్పులు పైనే విడవాలి. ఇది మర్యాద మాత్రమే కాదు. అడుగుకు అంటిన మట్టి, దారిలోని పేడ, నూనె మరకలు తడి మెట్ల మీంచి నేరుగా నీటిలోకి జారతాయి. సాక్సులతో దిగకండి. తడి రాయి మీద సాక్సు జారినంతగా ఉత్త పాదం జారదు. నీళ్లు తీసుకోవడానికి పిడి ఉన్న ముంతే వాడాలి. చేయి ముంచడం, ముఖం బావిలో కడుక్కోవడం, తెచ్చుకున్న సీసాను మూతి దాకా నీళ్లలో ముంచడం, మూడూ తప్పే. ముంతతో తీసి సీసాలోకి పోసుకోండి. తాగాక ముంతలో మిగిలిన నీళ్లు మళ్లీ బావిలో పోయకుండా పక్కకు, కాలువ వైపు పారబోయండి. సన్‌స్క్రీన్, దోమల మందు రాసుకున్న చేతులైతే దిగక ముందే కడుక్కోండి. ఆ నూనె నీటి మీద తెట్టులా తేలుతుంది, చేపలకూ మంచిది కాదు.

చేపలకు బ్రెడ్డు, బిస్కెట్లు వేయొద్దు. వేసిన పిండి పదార్థం సగం అడుగుకు చేరి కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తగ్గుతుంది, నాచు పెరుగుతుంది, వాసన మొదలవుతుంది. పారే నీళ్లయితే కొట్టుకుపోతుంది, చిన్న బావిలో అలా కుదరదు. డబ్బు విసరడం ఇంకా చెడ్డ అలవాటు. వియత్నాంలో 10,000 డాంగ్‌ల నుంచి పై నోట్లు పాలిమర్‌వి. 5,000, 2,000, 1,000 నోట్లు పత్తి కాగితంవి. భక్తులు విసిరేవి ఎక్కువగా ఈ చిన్న నోట్లే. అవి నానిపోయి పీచులై నీళ్లలో కలుస్తాయి, రంగు వదులుతాయి. వాటిని తీయాలంటే ఎవరో ఒకరు బావిలోకి దిగాలి, దిగితే అడుగున పేరుకున్న మట్టి లేచి నీళ్లంతా కలకబారుతుంది. ఇవ్వాలనుకున్నది గుడిలో హుండీలో వేయండి. గుడి దగ్గర కొన్ని చోట్ల పెద్ద నోటు తీసుకుని, కొంత కోసుకుని చిల్లర ఇస్తామనేవాళ్లు తగులుతారు. అలా కమీషన్‌కు నోట్లు మార్చడం వియత్నాంలో చట్టవిరుద్ధం, 2019 నాటి ఉత్తర్వులో దీనికి జరిమానా 2 కోట్ల నుంచి 4 కోట్ల డాంగ్‌ల దాకా పెట్టారు. ముందు రోజే బ్యాంకులోనో, ఏదైనా కిరాణా కొట్లోనో చిల్లర చేసుకోండి.

నీళ్లు రుచికి తేటగా, చల్లగా ఉంటాయి. నేరుగా తాగొచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఊరివాళ్లు తాగుతారు, వాళ్ల కడుపులకు అలవాటు. కొత్తవాళ్లకు మా సలహా ఇది: తీర్థంగా ఒక గుక్క చాలు. చిన్నపిల్లలు, గర్భిణులు, మందులతో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఆ గుక్క కూడా మరిగించాకే తాగాలి. బాగా కళపెళ ఉడికే స్థితిలో ఒక నిమిషం ఉంచితే నీటిలోని సూక్ష్మజీవులు చస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కళపెళ ఉడికేదాకా మరిగించమనే చెబుతుంది. ఇంటికి తీసుకెళ్లేవాళ్లు పానీయాల సీసాలు కాకుండా శుభ్రంగా కడిగి ఆరబెట్టిన నీళ్ల సీసా తెచ్చుకోండి. తీపి పానీయం వాసన ఎంత కడిగినా పోదు, చక్కెర జాడ మిగిలితే రెండో రోజుకే నీళ్లు పాడవుతాయి. పట్టిన నీళ్లు ఎండ తగలకుండా ఉంచి, ఒకటి రెండు రోజుల్లో మరిగించి వాడేయాలి. విమానంలో వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, అంతర్జాతీయ విమానాల్లో చేతి సంచిలో ద్రవం సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు. అంతకంటే ఎక్కువైతే మూత చుట్టూ టేపు వేసి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి చెక్-ఇన్ సామానులో వేయండి.

ఇక గుడి పూజ. బావికి ముందు గుడికి వెళ్లడమే సరైన వరుస. అనుమతి అడిగి నీళ్లు తీసుకున్నట్టు ఉంటుంది. నైవేద్యం పెద్దగా అక్కర్లేదు. అగరుబత్తుల కట్ట, పూలు, పళ్లు, తమలపాకులు వక్కలు, ఓవాన్ ఉంటే నిండుగా ఉంటుంది. ఓవాన్ అంటే పిండి, చక్కెర కలిపి అచ్చులో గట్టిగా నొక్కి, రంగు కాగితం చుట్టిన శిఖరం ఆకారపు మిఠాయి. కొందరు జిగురన్నం, ఉడికించిన కోడి పెడతారు. అది దెన్‌లో, అంటే ఇలాంటి దేవతల గుడిలో చెల్లుతుంది. అదే ఊళ్లో బౌద్ధాలయానికి కూడా వెళ్లే ఆలోచన ఉంటే అక్కడ మాంసం పళ్లెం అస్సలు పెట్టకూడదు. రెండు చోట్లకూ ఒకే పళ్లెం వాడాలనుకునేవాళ్లు పూలు, పళ్లతో సరిపెట్టుకోవడం మంచిది. మార్కెట్లో పళ్లు కొనేటప్పుడు దెబ్బ తగలనివి ఏరుకోండి. పూజయ్యాక వాటిని ప్రసాదంగా పంచుకోవాలి కదా.

పళ్లేలు గుడిలో దొరుకుతాయి. పళ్లెంలో సర్ది పీఠం ముందు పెట్టాలి. లోపలికి మధ్య గుమ్మం గుండా కాకుండా పక్క ద్వారం గుండా వెళ్లాలి, గడప మీద కాలు పెట్టకుండా దాటాలి. అగరుబత్తులు బేసి సంఖ్యలో వెలిగిస్తారు, ఒకటి లేదా మూడు. ఒక్కో పీఠానికి ఒక కట్ట వెలిగించేవాళ్లున్నారు, అది భక్తి అనుకుంటారు. లక్క పూత పూసిన కలపకు పొగ, వేడి పడవు. నూటికి నూరుపాళ్లూ కలపతో కట్టిన గుళ్లలో నిప్పు భయం ఎప్పుడూ ఉంటుంది. అందుకే బయట ఆవరణలోని పెద్ద ధూపపాత్రలోనే గుచ్చమని గుళ్లు చెబుతాయి. నియమించిన చోటు కాకుండా వేరే చోట అగరుబత్తులు, మొక్కు కాగితాలు (దేవుళ్ల కోసం కాల్చే నకిలీ నోట్లు, కాగితపు వస్తువులు) కాలిస్తే 2021 నాటి 38వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం 2 లక్షల నుంచి 5 లక్షల డాంగ్‌ల జరిమానా ఉంది.

ప్రార్థనలో మీ పేరు, వయసు, ఊరు చెప్పి, ఎందుకొచ్చారో చెప్పాలి. వియత్నామీస్‌లో కాగితం చదివేవాళ్లను చూసి కంగారు పడక్కర్లేదు. మీ భాషలో మెల్లగా అనుకోండి. తర్వాత వెంటనే పళ్లెం ఎత్తేయకూడదు. వెలిగించిన అగరుబత్తి కాలిపోయేదాకా ఆగాలి, సుమారు అరగంట నుంచి ముప్పావు గంట. చాలామంది తొందరపడేది ఇక్కడే. ఈ వ్యవధిలోనే దిన్ చూసిరావచ్చు. తిరిగి వచ్చాక మరోసారి దణ్ణం పెట్టి, మొక్కు కాగితాలుంటే ముందు వాటిని పొయ్యిలో కాల్చి, ఆ తర్వాత పళ్లేలు దించాలి. దించేటప్పుడు బయటి పీఠం నుంచి మొదలుపెట్టి ప్రధాన పీఠం దాకా రావాలి. అద్దం, దువ్వెన లాంటివి దేవతా కన్యలకు పెడితే అవి వెనక్కి తీసుకోరు, అక్కడే వదిలేస్తారు. పళ్లు, మిఠాయిలు మాత్రం పట్టుకెళ్లి తినాలి. కొంచెం గుడి చూసుకునేవాళ్లకు ఇవ్వడం మర్యాద.

ఇలాంటి అమ్మవార్ల గుళ్లలో ఒక్కోసారి హౌ దోంగ్ జరుగుతుంటుంది. రంగురంగుల దుస్తులు మారుస్తూ, పాటలకు తగ్గట్టు దేవత ఆవహించినట్టు ఆడే పూజ ఇది. త్రిలోక మాతృదేవతల ఆరాధనగా 2016లో యునెస్కో జాబితాలో చేరింది. అదృష్టం కొద్దీ తారసపడితే పక్కన కూర్చుని చూడొచ్చు, ఎవరూ వద్దనరు. ఫొటోలకు మాత్రం ముందు అడగండి. అది ఒక కుటుంబం డబ్బు పెట్టి చేయించుకునే సొంత పూజ. పీఠానికి, ఆ మనిషికి మధ్యలోంచి నడవకండి. పంచిన పండో, చిన్న నోటో మీ చేతికిస్తే రెండు చేతులతో అందుకోవాలి.

బట్టల విషయం క్లుప్తంగా చెప్పొచ్చు. భుజాలు, మోకాళ్లు కప్పాలి, విప్పడానికి తేలికైన చెప్పులుండాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది పెద్ద ప్రశ్న. చాంద్రమాన నెలలో 1వ తేదీ, 15వ తేదీ భక్తుల రోజులు. గుడి కళగా ఉంటుంది, బావి మెట్ల దగ్గర మాత్రం వరుస కట్టాలి. కొత్త సంవత్సరం తెత్ రాత్రి ఊరివాళ్లు సంవత్సరపు తొలి నీళ్ల కోసం ఈ బావికి వస్తారు. ఆ రాత్రి ఊరిది. బయటివాళ్లు వెళ్లినా వాళ్ల వెనకే నిలబడాలి. రెండో చాంద్రమాన నెల 6వ తేదీ వువా బా ఉత్సవం, మామూలుగా ఫిబ్రవరి చివరి నుంచి మార్చి నెలలో పడుతుంది. పాటల కోసమైతే ఆ రోజుకు సాటి లేదు. బావి దగ్గర ప్రశాంతంగా గడపాలంటే మాత్రం ఆ రోజు వెళ్లకండి. ఫిబ్రవరి, మార్చిల్లో ఎర్ర నది మైదానమంతా సన్నటి తుంపర, గాలిలో చెమ్మ. రాయి ఆరదు, మెట్లు పాచి పట్టి జారతాయి. ఆ రోజుల్లో పెద్దవాళ్లను దించేటప్పుడు ఒకరు కింది మెట్టు మీద, ఒకరు పై మెట్టు మీద ఉండాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో వారం మధ్యలో ఉదయం వెళితే ఎండ నెమ్మదిగా, మెట్లు పొడిగా, నీళ్లు తేటగా ఉంటాయి.

చేరుకోవడం: హనోయి లాంగ్ బియెన్ స్టాండులో 54వ నంబరు సిటీ బస్సు ఎక్కితే బాక్ నిన్ చేరుస్తుంది. గంటకు పైగా పడుతుంది. అక్కడి నుంచి జియెమ్ అయిదారు కిలోమీటర్లు, ట్యాక్సీ లేదా గ్రాబ్ యాప్‌లో పిలిచే బైకు. బైకు వెనక కూర్చున్నా హెల్మెట్ తప్పనిసరి. వెళ్లడానికి బండి తేలిగ్గా దొరుకుతుంది, తిరిగి రావడానికి ఊళ్లో దొరకడం కష్టం. అందుకే అదే డ్రైవరుతో రెండు మూడు గంటలు ఆగేలా ముందే బేరం చేసుకోండి. ఇంకొక చిక్కు చిరునామాది. 2025 జులై 1 నుంచి వియత్నాంలో జిల్లా స్థాయి పాలన తీసేశారు, వార్డులు కలిపేశారు, బాక్ జియాంగ్ రాష్ట్రం బాక్ నిన్‌లో కలిసింది. పాత పుస్తకాల్లో ఉండే హోవా లోంగ్ అన్న చిరునామాతో వెతికితే మ్యాపు తికమక పెట్టొచ్చు. గుడి పేరుతోనే వెతకండి, డ్రైవరుకు గుడి ఫొటో చూపించండి.

జియెమ్‌కు వెళ్లడం కుదరనివాళ్లకు రెండు ప్రత్యామ్నాయాలున్నాయి. రెండింటిలోనూ బావి పేరు న్గోకే. మొదటిది హనోయి శివార్లలోని కో లోవా. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఆన్ జువోంగ్ వువోంగ్ ఏలిన కోట ఇది. మూడు మట్టి ప్రాకారాల్లో బయటిది సుమారు 8 కిలోమీటర్ల చుట్టు. రాజు గుడి ఎదుట చెరువు మధ్యలో ఉంది బావి. రాజకుమారి మీ చౌ భర్త చోంగ్ థుయ్ భార్య చనిపోయాక దుఃఖంతో ఇందులోనే దూకాడని, ఈ నీటితో కడిగితే ముత్యాలు మెరుస్తాయని కథ. గుడిలో 1897లో పోతపోసిన 255 కిలోల కంచు రాజవిగ్రహం, దగ్గర్లోనే మీ చౌ మందిరంలో ఆమె రూపంగా కొలిచే తల లేని రాయి ఉన్నాయి. కథ తెలిసి వెళితే ప్రతి మూలా మాట్లాడుతుంది, తెలియకపోతే మామూలు చెరువులా కనిపిస్తుంది. కథ ముందే చదువుకుని వెళ్లండి. నీళ్లు తోడి తాగే బావిగా మాత్రం అనుకోకండి. మొదటి చాంద్రమాన నెల 6న ఇక్కడ పెద్ద ఉత్సవం. చరిత్రకు 5కి 5, బావికి 5కి 3.

రెండోది ఫూ థో రాష్ట్రంలో, వియత్నాం తొలి రాజులుగా చెప్పుకునే హుంగ్ రాజుల కొండ కింద ఉన్న జియెంగ్ గుడి. పద్దెనిమిదో హుంగ్ రాజు కూతుళ్లు తియెన్ జుంగ్, న్గోక్ హోవా బావి నీటిలో చూసుకుంటూ తల దువ్వుకునేవాళ్లని గాథ. బావి గుడి లోపలే ఉంది. 1954 సెప్టెంబరు 19న హో చి మిన్ హనోయిలోకి అడుగుపెట్టబోతున్న సైనికులతో మాట్లాడింది ఈ గుడి దగ్గరే. హనోయి నుంచి 80 కిలోమీటర్ల పైన. కింది గుడికి 225 మెట్లు, అక్కడి నుంచి నడిమి గుడికి 168, పై గుడికి ఇంకో 102. చాలామంది పైనే శక్తంతా ఖర్చు చేసి, దిగివచ్చేసరికి జియెంగ్ గుడిని వదిలేస్తారు. మోకాళ్లు నొప్పి పెట్టేవాళ్లు, బావి కోసమే వచ్చినవాళ్లు వరుస తిప్పేసి నేరుగా కింద ఉన్న ఈ గుడికే వెళ్లొచ్చు. మూడో చాంద్రమాన నెల 10న రాజుల స్మారక దినం, 2007 నుంచి దేశమంతా సెలవు. ఆ రోజుకు అటూ ఇటూ ఒక వారం బావి దగ్గర నిలబడే చోటు దొరకదు. ఆ వారం తప్పించి ఏ రోజైనా ఉదయం 8 లోపు గేటు దగ్గరుంటే 5కి 4 ఇస్తాం.